పరదేశమున ఆఱు మాసములు

క్రీ.శ. 671వ సంవత్సరపు చివర దక్షిణ చైనాలోని క్వాంగ్‌చౌ రేవున ఒక పారసీక నావికుని ఓడనెక్కి, ఇరువది దినములైనను నిండకమునుపే సుమత్రా ద్వీపమందలి శ్రీవిజయపురమున దిగిన ఇత్సింగు అను బౌద్ధభిక్షువు, తన గమ్యము నలందా మహావిహారమే యైనను, వెంటనే ముందునకు సాగక, ఆ పరాయి పట్టణమున ఆఱు మాసములు నిలిచి, శబ్దవిద్యను, అనగా సంస్కృత వ్యాకరణమును, మెల్లమెల్లగా అభ్యసించెను. పిమ్మట వంగదేశపు రేవైన తామ్రలిప్తికి చేరి, అచటను సుమారొక యేడు భాషాభ్యాసముననే గడపి, అటుపై గాని నలంద త్రోవ పట్టలేదు. ఈయన స్వదేశీయులకొఱకు వ్రాసిన గ్రంథమున, భారతభూమికి విద్యార్థులై రాదలచిన చైనా భిక్షువులు తొలుత శ్రీవిజయమున ఒకటి రెండేండ్లు వసించి, అచటి నియమములను అలవఱచుకొని, తరువాత పయనము సాగించుట మేలని హితవు చెప్పెను. ఆ నగరపు కోటలో వేయిమందికి మించిన భిక్షువులు ఉండిరనియు, వారి పఠనపాఠనములు భారతభూమియందలి మధ్యదేశపు పద్ధతికి తీసిపోవనియు ఆయన సాక్ష్యము. నేడు విశ్వవిద్యాలయములు తమ విద్యార్థిని ఒక సెమిస్టరు కాలము పరదేశమునకు పంపునప్పుడు తఱచుగా విధించు నియమము, భాష ముందు, శాస్త్రము వెనుక అనునది, ఈ భిక్షువు పదుమూడు శతాబ్దములకు పూర్వమే స్వానుభవమున కనుగొన్నదే.

విద్యకై దేశాంతరము పోవుట ఏ జాతికిని క్రొత్త కాదు. గురువును వెదకికొనుచు కొండలును సముద్రములును దాటినవారి కథలు అన్ని భాషలందును కలవు. అయితే అట్లు పోయినవారు తఱచుగా సంవత్సరముల తరబడి అచటనే నిలిచిపోయిరి. తిరిగివచ్చినవారు తెచ్చిన విద్యకు విలువ కట్టుటయో కట్టకపోవుటయో స్వదేశపు పండితుల చిత్తమును బట్టి యుండెను. స్వదేశపు విద్యాపీఠమున తన పేరుండగనే, దాని యనుమతితో, నాలుగైదు మాసములో ఒక యేడో మఱియొక దేశపు విద్యాపీఠమున కూర్చుండి చదివి, తిరిగివచ్చి, ఆ చదువును తన పట్టపు లెక్కలో జమ కట్టించుకొను ఆచారము మాత్రము మొన్నమొన్నటిది. దాని వయస్సు నూఱేండ్లకు కొంచెము మించినది, అంతే. ఈ ఆచారపు చరిత్రను తిరుగవేసిన కొలదిని నాకు తోచిన దేమనగా, పోవుట యెన్నడును అంత దుస్సాధ్యము కాలేదు. ఓడలు నడచినవి, దారులు దొరకినవి, ఋణమిచ్చువారును దొరకిరి. ఒక బడి చెప్పిన చదువును మఱియొక బడి నమ్ముటయే మిక్కిలి కష్టమైనది.

మన ఆంధ్రదేశము ఈ కథలో తొలుత ఆతిథ్యమిచ్చినదిగా కనబడుచున్నది. శ్రీపర్వతమున, అనగా నేటి నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని పదునాలుగవ రాజ్యసంవత్సరమున బోధిసిరి యను ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనము సింహళ విహారమును పేర్కొనుచున్నది. ఆమె తామ్రపర్ణి, అనగా సింహళద్వీపపు, ఆచార్యులకొఱకు చేసిన దానములను చెప్పుచు, ఆ ఆచార్యులు కాశ్మీర గాంధార చీనాది దేశముల జనులకు ధర్మమునందు ప్రసాదము కలిగించినవారని ప్రశంసించుచున్నది. సముద్రము దాటివచ్చినవారి పేర నొక వాసస్థానము ఇచట వెలసియుండెనన్నమాట. విదేశీ విద్యార్థులకు ప్రత్యేక వసతిగృహములు కట్టించితిమని గొప్పలు చెప్పుకొను విద్యాలయములవారు మూడవ శతాబ్దపు ఈ ఉపాసికను ఒకమాఱు స్మరించుట న్యాయము.

ఇంతకన్న హృద్యమైన ఘట్టము ధాన్యకటకమున జరిగినది. క్రీ.శ. 639 ప్రాంతమున చైనా యాత్రికుడైన హ్యుయన్‌త్సాంగు దక్షిణాపథమున సంచరించుచు కృష్ణాతీరమందలి ఆ పట్టణమునకు వచ్చునప్పటికి, పూర్వశైల అపరశైల సంఘారామములు నిర్జనములై పాడుపడియుండెను. అయినను ఇరువది విహారములలో ఇంచుమించుగా వేయిమంది భిక్షువులు ఇంకను ఉండిరనియు, వారిలో అధికులు మహాసాంఘికులనియు ఆయన వ్రాసికొనెను. అప్పటికే నలందలో శీలభద్రుని పాదసన్నిధిని ఏండ్ల తరబడి చదివిన ఆ యాత్రికునకు ఇచట సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులు తటస్థపడిరి. మహాసాంఘిక సంప్రదాయపు త్రిపిటకమున నిధులనిపించుకొన్న వారియొద్ద ఆయన కొన్ని మాసములు నిలిచి మూలాభిధర్మాది గ్రంథములను పఠించెను. ప్రతిగా వారిరువురును ఆయనయొద్ద మహాయాన శాస్త్రములను పఠించిరి. ఆ పిమ్మట మువ్వురును కలసియే పుణ్యస్థల సందర్శనమునకు బయలుదేరిరని ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. శుల్కము లేదు, పట్టము లేదు, సంతకము చేసిన ఒడంబడిక లేదు. పూట పూటకు గురుశిష్యులు స్థానములు మార్చుకొనిరి. ఇట్టిది సాధ్యమగుటకు కారణము సుభూతి సూర్యుల సౌజన్యము మాత్రమే యని తలచరాదు. బౌద్ధ వినయమున భిక్షువుయొక్క పెద్దఱికమును అతడు గడపిన వర్షావాసముల సంఖ్యను బట్టి గణింతురు. ఆ లెక్క ఒక విహారమునకు పరిమితము కాదు. చైనాలో గడపిన వర్షావాసమును చెప్పినచో కృష్ణాతీరమున కాదనువాడు లేడు. మూడు మాసముల వర్షావాసమే కొలమానముగా, దేశములకు దేశములే ఒప్పుకొన్న ఇట్టి ఉమ్మడి లెక్కను ఐరోపావారు మరల కల్పించుకొనుటకు ఇరువదవ శతాబ్దపు చివరివఱకు ఆగవలసివచ్చెను.

ఐరోపాలో ఆ పనిని కొంతకాలము లాటిను భాష నెఱవేర్చెను. 12వ శతాబ్దమున రోమక ధర్మశాస్త్రమును చదువుటకై ఆల్ప్సు పర్వతములు దాటి బొలోన్యా నగరమునకు వచ్చిన విద్యార్థులకు దారిలోని దొంగల భయముతోబాటు ఊరిలోని అప్పులవారి భయమును ఉండెను. ఏలయన ఒక జర్మను వర్తకుడు బాకీ ఎగవేసి పాఱిపోయినచో, ఆ యప్పు వసూలునకై దొరకిన మఱియొక జర్మనును, వాడు పుస్తకము తప్ప వేఱేమియు నెఱుగని బాలుడైనను సరే, పట్టుకొనుట ఆనాటి వాడుక. ఫ్రెడరికు బార్బరోస్సా చక్రవర్తి 1158 ప్రాంతమున ప్రకటించిన శాసనము ఈ వాడుకను నిషేధించి, విద్యకై దేశాంతరగతులైనవారికి అభయమిచ్చి, వారిపై వ్యాజ్యము వచ్చినచో తమ గురువు నెదుటనో బిషపు నెదుటనో విచారణ కోరుకొను హక్కును వారికి ప్రసాదించెను. ఆ విద్యార్థులును సామాన్యులు కారు. బొలోన్యాలో వారే దేశముల వారీగా జట్లు కట్టి, సంఘముగా నేర్పడి, గురువులను తామే నియమించి, పాఠమునకు ఆలస్యముగా వచ్చిన గురువునకు జరిమానా వేయుచుండిరి. పారిసులో అధికారము గురువులదే యైనను, అచటను ఫ్రెంచి, పికార్డు, నార్మను, ఆంగ్లేయ నామములతో నాలుగు జట్లు వెలసెను.

లేఖారచన నేర్పు గురువులు మాదిరికై వ్రాసియుంచిన ఉత్తరములలో పరదేశమునుండి కుమారుడు తండ్రికి వ్రాయు జాబులు కోకొల్లలు. వాని సారమంతయు ఒక్కటే: ఈ పట్టణమున ధరలు మండుచున్నవి, గది అద్దె, బట్టలు, పుస్తకముల నకళ్లు అనుచు ఖర్చులు మీదబడుచున్నవి, దయయుంచి సొమ్ము పంపవలెను. తండ్రుల ప్రత్యుత్తరములకును మాదిరులు కలవు. తోడివారు చదువుకొనుచుండగా నీవు తంత్రీవాద్యము మీటుచు కాలము పుచ్చుచున్నావని మాకు తెలిసినదని అందొక తండ్రి మందలించును. జర్మను విద్యాపీఠములలో క్రొత్తగా వచ్చినవానికి తలపై కొమ్ములు తగిలించి, వాడొక అడవిమృగమని నటించి, రంపముతో ఆ కొమ్ములను కోసి, నానావిధముల హింసించి, కడపట వాని సొమ్ముతోనే అందఱును విందు కుడుచుట యొక క్రతువుగా సాగెను. ర్యాగింగు నిన్న నేడు పుట్టిన జాడ్యమని తలచువారు ఈ సంగతి గమనింతురు గాక.

నేడు ఐరోపాలో విద్యార్థుల రాకపోకల పథకమునకు పేరిచ్చిన ఎరాస్మసు పండితుడు 1495లో పారిసు చేరి మోంటెగ్యూ కళాశాలలో పడిన పాట్లను ఎన్నడును మఱవలేదు. అచటి క్రుళ్లిన గ్రుడ్లను, చెమ్మ గదులను, అందువలన కలిగిన రోగమును పెక్కేండ్ల తరువాత కూడ ఒక సంభాషణలో కసితీర వర్ణించెను. ఆయన 1506లో ట్యూరినులో పట్టమందెను, 1511 మొదలు కేంబ్రిడ్జిలో గ్రీకు చెప్పెను. కోపర్నికసు క్రాకోలో చదివి, 1496లో బొలోన్యాకు పోయి, పాదువాలో వైద్యము నేర్చి, 1503లో పట్టమును మాత్రము ఫెరారాలో పుచ్చుకొనెను. చదివిన చోటు ఒకటి, పట్టమందిన చోటు మఱియొకటి యగుట ఆనాడు వింత కాదు. మతకలహములు ముదిరిన తరువాత ఈ స్వేచ్ఛ సన్నగిల్లెను. 1559లో స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పు తన ప్రజలు విదేశములలో చదువరాదని శాసించి, బొలోన్యా, రోము, నేపుల్సు, కోయింబ్రాలకు మాత్రము మినహాయింపు నిచ్చెను. పరాయి దేశమున విద్యతోబాటు పరాయి మతమును అంటునని ఆయన భయము. తరువాతి రాజులు పెక్కురు ఇదే పని చేసిరి. వారికి మతభయముకన్న తమ దేశపు సొమ్ము సరిహద్దు దాటిపోవునను చింత హెచ్చు.

సెమిస్టరు పద్ధతిని నేటి రూపమునకు తెచ్చిన ఖ్యాతి జర్మనులది. 19వ శతాబ్దపు జర్మను విద్యార్థి శీతకాలపు సెమిస్టరు హైడల్‌బర్గులోను, వేసవి సెమిస్టరు బెర్లినులోను గడపి, మూడవదానికి గోటింగెను పోయినను అడుగువాడు లేకుండెను. వాని చేతిలో నొక పుస్తకము; అందు ఏ ఆచార్యుని ఏ పాఠము వినెనో వ్రాసి, దానికి ఎదురుగా ఆచార్యుడే సంతకము చేయును; ఆ పుస్తకమే వాని ఆస్తి. 1815లో గోటింగెను చేరిన జార్జి టిక్నరు, ఎడ్వర్డు ఎవెరెట్టు మొదలు అమెరికావారు వేలకొలది ఈ పద్ధతిని చూచి, తమ దేశమున నాటదలచిరి. కాని దేశము లోపల తిరుగు ఆ స్వేచ్ఛ వారి కళాశాలలకు పట్టుబడలేదు.

మనవారికి అడ్డుపడినది భాష కాదు, సముద్రము. సముద్రయానమును పతనహేతువులలో చేర్చిన బౌధాయన ధర్మసూత్రము మొదలు 19వ శతాబ్దపు సభలవఱకు ఆ చర్చ సాగుచునే యుండెను. ఓడ దిగినవాడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను బంధువులు పంక్తిలో కూర్చుండనిత్తురో లేదో తెలియదు. ఇచటను చిక్కు పోవుటలో లేదు, తిరిగి చేర్చుకొనుటలోనే యున్నది. కులపెద్దలును ఒకవిధపు పరీక్షాధికారులే కదా! ఇంత వెలి పెట్టునప్పుడు నాలుగు మాసములకై ఎవరు పోదురు? పోయినవారు సివిలు సర్వీసునకో, బారిస్టరు పట్టమునకో, మూడు నాలుగేండ్లు కూర్చుండి, ఉద్యోగముతో తిరిగివచ్చు నమ్మకముతోనే పోయిరి. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి, అచటి యూనియను సభకు ఉపాధ్యక్షుడై, తిరిగివచ్చి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతి యయ్యెను. వరాహగిరి వేంకటగిరి 1913లో ధర్మశాస్త్రమునకై డబ్లిను పోయి, అచట ఐరిషు స్వాతంత్ర్యోద్యమపు వేడిలో పడి, 1916లో వెనుకకు వచ్చెను. చట్టము చదువబోయినవాడు కార్మికోద్యమమునకు పనికివచ్చు పాఠము నేర్చివచ్చెనని చెప్పవచ్చును. నేటి అర్థమున పరదేశపు సెమిస్టరునకు దగ్గఱగా వచ్చినది సరోజినీదేవి యొక్కతెయే. 1895లో నిజాము ఇచ్చిన విద్యార్థివేతనముతో హైదరాబాదునుండి ఇంగ్లండు చేరి, లండను కింగ్సు కళాశాలలోను, కేంబ్రిడ్జి గర్టను కళాశాలలోను చదివి, ఏ పట్టమును పుచ్చుకొనకయే 1898లో తిరిగివచ్చి, గోవిందరాజులు నాయుడు గారిని వివాహమాడెను. ఆమె తెచ్చిన విద్యను లెక్కకట్టు పుస్తకము ఏ కళాశాలలోను లేదు.

అట్టి పుస్తకమును మొదట తెఱచినది అమెరికాలో మిక్కిలి చిన్న రాష్ట్రములలో నొకటియైన డెలవేరులోని విశ్వవిద్యాలయము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే ఓడలు చాలక ఫ్రాన్సులోనే చిక్కుపడిన అమెరికను సైనికులలో వేలకొలది మందిని 1919లో కొన్ని మాసములు ఫ్రెంచి విశ్వవిద్యాలయములలో చదువనిచ్చిరి. యుద్ధము చేయవచ్చినవారు వ్యాకరణము చదివి ఇండ్లకు పోయిరి. ఫ్రాన్సున సైనికుడుగా పనిచేసివచ్చిన రేమండు కర్క్‌బ్రైడు అను యువ భాషాధ్యాపకుడు 1921లో తన విశ్వవిద్యాలయాధ్యక్షుడైన వాల్టరు హల్లిహెనునకు ఒక సూచన చేసెను: మూడవ సంవత్సరపు విద్యార్థులను ఏడాదిపాటు ఫ్రాన్సునకు పంపుదము, అచటి చదువును ఇచటి చదువుగనే లెక్క వేయుదము. విశ్వవిద్యాలయపు ధర్మకర్తలు దీనికి నయాపైసయైనను ఇయ్యజాలమనిరి. హల్లిహెను పట్టు విడువక వర్తకులను, రాజకీయులను ఆశ్రయించెను. రసాయన కర్మాగారముల యధిపతి పియరు డ్యుపాంటు ధనమిచ్చెను; అప్పటి వాణిజ్యశాఖామాత్యుడు, తరువాత దేశాధ్యక్షుడైన హెర్బర్టు హూవరు ఆమోదము తెలిపెను. విదేశ వాణిజ్యమునకు విదేశభాషలెఱిగిన యువకులు కావలెనను లెక్క వారిది. సరస్వతి ప్రయాణపు ఖర్చు లక్ష్మి పెట్టుకొన్నదని సంతోషింపవలెనే గాని, పండితులకు తోచని యుక్తి వర్తకులకు తోచెనే యని చిన్నబుచ్చుకొన నక్కఱలేదు.

1923 జూలై 7వ తేదీన ఎనమండుగురు యువకులు కర్క్‌బ్రైడు వెంట న్యూయార్కు రేవున రోషాంబో యను ఓడ నెక్కిరి. ఆ ఓడకు పేరిచ్చిన సేనాని అమెరికా స్వాతంత్ర్యసమరమున సాయమునకు వచ్చిన ఫ్రెంచివాడగుట శుభశకునమని వారిలో నెవరైన తలచిరో లేదో గాని, దిగిన వెంటనే వారిని పారిసునకు తీసికొనిపోలేదు. తూర్పు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణమున కొన్ని వారములు ఫ్రెంచి కుటుంబముల యిండ్ల నుంచి, ఉదయము మొదలు రాత్రివఱకు భాషయే బోధించి, ఆ పిమ్మట సోర్బోను విద్యాపీఠమునకు చేర్చిరి. ఇత్సింగునకు శ్రీవిజయమెట్టిదో వీరికి నాన్సీ అట్టిది. ఫ్రెంచి ఆచార్యుడు పెద్ద సభామందిరమున ఉపన్యసించి లేచిపోవును. హాజరు పట్టీ యుండదు, వారవారము పరీక్ష యుండదు. అమెరికాలోనో ప్రతి పాఠమునకు గంటల లెక్కయు మార్కుల లెక్కయు ఉండును. ఈ రెంటిని అతుకుట యెట్లు? డెలవేరు వారు ప్రత్యేక బోధకులను పెట్టి, పాఠమును మరల చెప్పించి, పరీక్షించి, మార్కులు వేసి, ఇంటికి తెచ్చిరి. ఈ ఆచారమున అన్నిటికన్న గొప్ప కల్పన ఇదియే యని నా యభిప్రాయము. ఓడయు కాదు, విద్యార్థివేతనమును కాదు, ఒక దేశపు చదువును మఱియొక దేశపు తూనికకు మార్చు ఈ తక్కెడ.

1925లో స్మిత్తు మహిళా కళాశాల తన విద్యార్థినులను పారిసునకు పంపసాగెను. వారు ఫ్రెంచి తప్ప వేఱొక భాష పలుకమని ప్రతిజ్ఞాపత్రముపై సంతకము చేయవలెను. 1931లో మ్యూనికునకు ఒక దారి యేర్పడెను. 1939లో వచ్చిన యుద్ధము ఈ దారులన్నింటిని మూసివైచెను. యుద్ధానంతరము డెలవేరు వారు తమ పథకమును ఎక్కువకాలము నడుపలేక 1948లో విరమింపగా, స్వీటు బ్రయరు అను చిన్న మహిళా కళాశాల దానిని చేపట్టెను.

ఆ దినములలో పారిసు చేరిన విద్యార్థి బ్రతుకు ఎట్లుండెనో తెలిసికొనుటకు ఒక ప్రసిద్ధ నిదర్శనము కలదు. 1949లో స్మిత్తు కళాశాల వారి బృందములో చేరి, గ్రెనోబులులో భాష దిద్దుకొని, పారిసు మోజార్టు వీథిలోని ఒక ప్రభుకుటుంబీకురాలి యింట నివసించిన జాక్విలిను బూవియే అను యువతి, తరువాత అమెరికా దేశాధ్యక్షుడైన కెనెడీ భార్య యయ్యెను. ఆ యింటి యజమానురాలు యుద్ధకాలమున ప్రతిఘటనోద్యమమున పాల్గొని రావెన్స్‌బ్రూకు నిర్బంధశిబిరమునుండి ప్రాణములతో బయటపడినది. భర్త మాత్రము అట్టి శిబిరముననే మరణించెను. ఇంటికంతకు స్నానపుగది యొక్కటి. వేడినీరు దొరకుట అపురూపము. బొగ్గు కఱవగుటచే చలికాలమున చేతులకు తొడుగులు వేసికొని, దుప్పటి కప్పుకొని, మంచము మీదనే పాఠములు వ్రాసికొనవలసివచ్చెను. చక్కెరకును కాఫీకిని రేషను చీట్లు. సంపన్న గృహమున పెరిగిన ఆ పిల్ల ఆ సంవత్సరమునే తన జీవితమున మేలైనదిగా తరువాత చెప్పుకొనెను. తిరిగివచ్చి తన తొలి కళాశాలకు పోక, వాషింగ్టనులోని మఱియొక విశ్వవిద్యాలయమున ఫ్రెంచి సాహిత్యముననే 1951లో పట్టమందెను.

ఇటలీలో కథ వేఱుగా నడచెను. సోఫియా కొర్రాది యను ధర్మశాస్త్ర విద్యార్థిని ఫుల్‌బ్రైటు వేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి పట్టమంది, 1958లో రోము తిరిగివచ్చి, ఆ చదువును తన లెక్కలో చేర్చుడని విశ్వవిద్యాలయపు కార్యాలయమున కోరగా, అచటి అధికారి పదిమంది యెదుట ఆమెను ఎగతాళి చేసి పంపివైచెను. ఫుల్‌బ్రైటు వేతనములన్నచో తక్కువవి కావు. యుద్ధానంతరము విదేశములలో మిగిలిపోయిన అమెరికా సామగ్రిని అమ్మిన సొమ్ముతో 1946లో పుట్టి, 1950లో నెహ్రూ ప్రభుత్వముతోను ఒడంబడిక చేసికొన్న గొప్ప ఏర్పాటు అది. అయినను రోము గుమాస్తాకు అది విహారయాత్రయే. ఆమె ఆ అవమానమును దిగమ్రింగి ఊరకుండలేదు. ఇటలీ విశ్వవిద్యాలయాధ్యక్షుల సంఘమునకు సలహాదారై, పరదేశమున చదివిన పాఠములను ముందుగా ఒప్పుకొన్న ప్రణాళిక ప్రకారము తప్పక లెక్కింపవలెనను నియమముకై 1969 మొదలు పట్టువిడువక తిరిగెను. 1976లో ఐరోపా సమాజము సంయుక్త విద్యాక్రమములను చిన్నయెత్తున ఆరంభించెను; 1987 జూన్ 15వ తేదీన ఎరాస్మసు పథకము ఆమోదింపబడెను. మొదటి యేట పదునొకండు దేశములనుండి 3,244 మంది విద్యార్థులు సరిహద్దులు దాటిరి. 1989లో ఉమ్మడి క్రెడిట్ల పద్ధతిని ప్రయోగాత్మకముగా మొదలుపెట్టిరి. ఏడాదికి 60, సెమిస్టరునకు 30. పోకముందే విద్యార్థియు, ఇరుప్రక్కల విద్యాలయములును ఒక పత్రముపై సంతకము చేయుదురు; తిరిగివచ్చిన తరువాత గుమాస్తాతో వాదులాడు పని లేదు. ముప్పది యేండ్లలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, తదితరులు కలసి 90 లక్షలమంది ఈ పథకములక్రింద తిరిగిరి. రెండవ ఫిలిప్పు బుద్ధి మాత్రము పూర్తిగా చావలేదు. 2014లో వలసలపై ప్రజాభిప్రాయము తీసికొన్న పిమ్మట స్విట్జర్లాండు ఈ పథకమున పూర్ణసభ్యత్వమును కోల్పోయెను, 2020 చివర బ్రిటను తనంతట తానే వెలుపలికి వచ్చెను.

మన యూళ్లకు వచ్చినవారి మాట కొంచెము చెప్పవలెను. అమెరికాలోని విస్కాన్సిను విశ్వవిద్యాలయము 1960 దశకపు తొలినాళ్లనుండి తన విద్యార్థులను ఏడాదికాలము భారతదేశమునకు పంపుచు, వారణాసి, మదుర, హైదరాబాదులను కేంద్రములుగా చేసికొనెను. వేసవిలో మాడిసన్ పట్టణమున భాష నేర్పి గాని ఓడో విమానమో ఎక్కించెడివారు కారు. వచ్చినవాడు ఏదో యొక విషయమును ఎన్నుకొని క్షేత్రపరిశోధన చేసి వ్రాయవలసియుండెను. ఆ విశ్వవిద్యాలయమున వెల్చేరు నారాయణరావు గారు దీర్ఘకాలము తెలుగు బోధించిరి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమును విదేశీ విద్యార్థులు ఒక సెమిస్టరు వచ్చి చదువు కార్యక్రమమును గత శతాబ్దపు చివరి సంవత్సరములనుండి నడుపుచున్నది. తెలుగునాటినుండి పోవువారి సంఖ్యతో పోల్చినచో వచ్చువారు నామమాత్రము. పోవువారును సెమిస్టరునకై పోరు. పూర్తి పట్టమునకే పోవుదురు, అప్పు చేసి పోవుదురు, తీర్చుటకై అచటనే నిలిచిపోవుదురు. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతను తలక్రిందులు చేసిన వ్యవహారమిది.

2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము వెలువరించిన నియమముల ప్రకారము, ఒడంబడిక చేసికొన్న విదేశీ విద్యాలయమున మన విద్యార్థి తన క్రెడిట్లలో 30 శాతమునకు మించకుండ సంపాదించి, ఇచటి పట్టముననే చేర్చుకొనవచ్చును. దారి కాగితముపై తెఱవబడినది. ఇక మిగిలినది మన విశ్వవిద్యాలయముల పరీక్షావిభాగముల చేతిలో నున్నది. పోవు విద్యార్థికి ఏ పాఠము దేనికి సరియగునో, ఎన్ని క్రెడిట్లు లెక్కకు వచ్చునో, వాడు విమానమెక్కక మునుపే సంతకముతో వ్రాసియిండని ఆ విభాగముల యధిపతులకు నా మనవి; వచ్చిన తరువాత చూతమను మాట వానికి చెప్పకుడు.